పక్కనే హాలున్న చర్చి: బెడ్‌ఫర్డ్ పార్క్ సెయింట్ మైకేల్ కేస్ స్టడీ

పాత కట్టడాల పరిరక్షణలో పనిచేసే ఆర్కిటెక్ట్‌గా ఏ చర్చికి వెళ్ళినా ముందు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడుగుతాను. వారంలో ఎన్నిసార్లు తలుపు తీస్తారో, ఎవరెవరు లోపలికి వస్తారో తెలిస్తే, పైకప్పు కారడం మొదలైతే అది ఎంత త్వరగా ఎవరి కంట పడుతుందో ఊహించవచ్చు. రోజూ మనుషులు తిరిగే కట్టడంలో చెమ్మ మచ్చ వారంలో బయటపడుతుంది. నెలకోసారి తెరిచే కట్టడంలో దూలం పుచ్చిపోయాక గానీ తెలియదు. లండన్ పడమటి శివారులో, బెడ్‌ఫర్డ్ పార్క్‌లో ఉన్న సెయింట్ మైకేల్ అండ్ ఆల్ ఏంజెల్స్ పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) చర్చిని కేస్‌గా తీసుకోవడానికి ఇదే కారణం. విక్టోరియన్, అంటే విక్టోరియా రాణి కాలపు, శివారు చర్చిల్లో దీనికంటే పెద్దవి, గొప్పగా కట్టినవి చాలా ఉన్నాయి. కానీ కట్టడానికీ దాన్ని వాడుకునే జనానికీ మధ్య లెక్క ఇంత బాగా కుదిరినవి తక్కువ.

శివారు ముందు, చర్చి తరవాత

1869లో టర్నమ్ గ్రీన్ స్టేషన్ వచ్చింది. 1877 నుంచి డిస్ట్రిక్ట్ రైల్వే వాళ్ళ రైళ్ళు కూడా అక్కడ ఆగసాగాయి. సిటీలో ఉద్యోగం చేస్తూ చెట్ల మధ్య ఇల్లు పెట్టుకోవడం మధ్యతరగతి వాళ్ళకు సాధ్యమైంది. జొనాథన్ కార్ అనే వ్యాపారి 1875లో తన మామగారి దగ్గర 24 ఎకరాలు తీసుకుని ఇళ్ళు కట్టడం మొదలుపెట్టాడు. ఉన్న చెట్లను కొట్టకుండా వాటిని బట్టి వీధుల్ని మలిచాడు. మొదటి డిజైన్లు ఇ. డబ్ల్యూ. గాడ్విన్‌వి. వాటికి విమర్శలొచ్చాయి. 1877లో రిచర్డ్ నార్మన్ షా ఎస్టేట్ ఆర్కిటెక్ట్‌గా వచ్చాడు. ఎర్ర ఇటుక, పెంకు కప్పు, తెల్ల రంగు వేసిన చెక్క పని, ఇంటి ముందు చెక్క కంచె. క్వీన్ ఆన్ శైలి అని పిలిచే ఈ రూపం అక్కడి నుంచి ఇంగ్లండ్ శివార్లన్నిటికీ పాకింది.

ఈ స్థలం చిజిక్, ఆక్టన్ అనే పాత పారిష్‌ల సరిహద్దుల్లో ఉంది. చిజిక్ పారిష్ చర్చి సెయింట్ నికొలస్ థేమ్స్ నది ఒడ్డున, దూరంగా ఉంది. ఇంగ్లండ్‌లో నేలంతా పారిష్‌లుగా పంచి ఉంటుంది. ప్రతి ఇల్లూ ఏదో ఒక పారిష్ కిందికి వస్తుంది, ఆ ఇంట్లో వాళ్ళు చర్చికి వెళ్ళినా వెళ్ళకపోయినా. మధ్యయుగంలో గీసిన ఆ హద్దులు రైలు తెచ్చిన జనానికి సరిపోలేదు. 19వ శతాబ్దంలో కొత్త పారిష్‌లు ఏర్పరచడానికి ప్రత్యేకంగా చట్టాలు చెయ్యవలసి వచ్చింది. మామూలుగా జరిగే వరస ఇది: ముందు రేకుల చర్చి ఒకటి తాత్కాలికంగా నిలబెడతారు, సంఘం కూడుతుంది, చందాలు వస్తాయి, ఆ తరవాత ఇటుకతో అసలు చర్చి లేస్తుంది. ఇక్కడా అదే వరస. ఇనుప రేకుల చర్చిలో మొదలైన సంఘం కోసం బాత్ రోడ్డులో షా చర్చి గీశాడు. 1879 మే 31న పునాదిరాయి వేశారు. 1880 ఏప్రిల్ 17న ప్రతిష్ఠ జరిగింది. అంటే ఏడాదిలోపే. ఆ వేగం ఎలా సాధ్యమైందో డిజైన్‌లోనే కనిపిస్తుంది.

ఇళ్ళ మధ్య ఇమిడిన చర్చి

ఇదే 1880లో లండన్‌లోనే మరో శివారు చర్చికి ప్రతిష్ఠ జరిగింది. కిల్‌బర్న్‌లో జె. ఎల్. పియర్సన్ గీసిన సెయింట్ ఆగస్టీన్ అది. లోపలంతా కమాన్ల మీద నిలిచిన కప్పు, గోడల నిండా బొమ్మలు, కెథడ్రల్ అంత ఎత్తు. 1871లో పునాది పడిన ఆ చర్చికి గోపురం పూర్తయ్యేసరికి 1890ల చివర అయింది. ఎత్తు 254 అడుగులు. రెండిటి ఆరాధన పద్ధతీ ఒక్కటే, ఆంగ్లో కాథలిక్, అంటే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో ఉంటూనే కాథలిక్ ఆచారాలకు దగ్గరగా ఉండేది. ధూపం, దీపాలు, రంగురంగుల వస్త్రాలు, బలిపీఠానికి పెద్దపీట. అయినా రెండు కట్టడాలూ తమ చుట్టూ ఉన్న ఇళ్ళతో వేరువేరు తీరుల్లో మెలుగుతాయి. పియర్సన్ చర్చి వీధులన్నిటినీ మించి నిలబడుతుంది. షా చర్చి వీధిలో ఇంకో ఇల్లులా, అన్ని ఇళ్ళకంటే కాస్త పెద్ద ఇల్లులా కూర్చుంటుంది.

షా కుర్రతనంలో జి. ఇ. స్ట్రీట్ ఆఫీసులో ముఖ్య సహాయకుడు. గోథిక్ (మొనదేలిన కమాన్లుండే మధ్యయుగపు చర్చి శైలి) అంటే ఏమిటో ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు. 1840ల నుంచి చర్చి కట్టడాల మీద పెత్తనం చేసిన కేంబ్రిడ్జ్ పండితుల నియమాలూ ఆయనకు కంఠతా వచ్చు. ఛాన్సెల్ (బలిపీఠం ఉండే భాగం) వేరుగా తెలియాలి, మెట్లెక్కి వెళ్ళేలా ఉండాలి, 14వ శతాబ్దపు గోథిక్ అయితేనే పవిత్రం, ఇలాంటివి. షా వీటిలో ఒకదాన్ని గట్టిగా పట్టుకున్నాడు, ఒకదాన్ని వదిలేశాడు. ఛాన్సెల్‌ని నేవ్ (జనం కూర్చునే భాగం) కంటే బాగా ఎత్తులో పెట్టాడు. లోపలికి అడుగుపెట్టగానే చూపు మెట్ల వెంట పైకి పోతుంది, బలిపీఠం దగ్గర జరిగేది చివరి వరుసకూ కనిపిస్తుంది. శైలి విషయంలో మాత్రం పాఠం పక్కనపెట్టాడు. కిటికీలు ఇంగ్లండ్ చివరి గోథిక్‌వి, అంటే పర్పెండిక్యులర్ రకం. పైన పెద్ద పెంకు కప్పు, అందులోంచి పొడుచుకొచ్చిన ఇంటి తరహా కిటికీలు, తెల్ల రంగు చెక్క రెయిలింగు, కప్పు నడినెత్తిన చిన్న గంట మంటపం. ఇవన్నీ 17వ శతాబ్దపు ఇళ్ళ నుంచి తెచ్చినవి. రాతి గోపురం లేదు. కట్టాలనే ఆలోచనతో మొండిగా వదిలేసిన మొదలు కూడా లేదు. విక్టోరియన్ శివార్లలో డబ్బు చాలక సగంలో ఆగిన గోపురాలు ఎన్ని ఉన్నాయో తిరిగి చూసినవాళ్ళకు తెలుసు. మొదటి రోజు నుంచే పూర్తయిన చర్చిగా కనిపించడం ఈ సంఘానికి పెద్ద వరం.

లోపల నేవ్ వెడల్పుగా, కప్పు చెక్కతో ఉంటుంది. చెక్క పనికి లేత ఆకుపచ్చ రంగు. ఆ రోజుల్లో ఈ ఎస్టేట్‌లో ఇళ్ళ లోపల వాడుతున్న రంగే ఇది. ఆదివారం తమ బైఠక్కులోంచి లేచి వచ్చినవాళ్ళు అదే వెలుగులో ఇక్కడ కూర్చున్నారు. నా దృష్టిలో ఈ చర్చిలో అన్నిటికంటే తెలివైన నిర్ణయం ఆ రంగు. బయటి వాళ్ళకు అది ఫ్యాషన్‌గా కనిపించి ఉండవచ్చు. సంఘంలోని మనిషికి మాత్రం అది "ఇది నీ చోటే" అని చెప్తుంది.

ఆ ఇంపుకి ఖరీదూ ఉంది. రాయి వందేళ్ళు ఎవరి మొహం చూడకుండా నిలబడుతుంది. లండన్ వానలో తెల్ల రంగు చెక్క అలా నిలబడదు. ప్రతి కొన్నేళ్ళకూ గీకి, అతుకులు చూసి, మళ్ళీ రంగు వెయ్యాలి. రెయిలింగు కింది భాగంలో, గంట మంటపం అంచుల్లో, సీసం రేకు మడతల దగ్గర నీళ్ళు నిలిస్తే లోపలి నుంచి కుళ్ళు మొదలవుతుంది. అక్కడికి చేరాలంటే పరంజా కట్టాలి, పరంజా ఖర్చు ఒక్కోసారి అసలు మరమ్మతు ఖర్చును మించిపోతుంది. షా గీసిన అందం ప్రతి తరమూ కొత్తగా డబ్బు కట్టాల్సిన అందం.

గొడవతోనే మొదలు

ప్రతిష్ఠ అయిందో లేదో, పాత చిజిక్ పారిష్ చర్చి వార్డెన్ (సంఘం తరఫున చర్చి వ్యవహారాలు చూసే సభ్యుడు) ఒకరు ఇక్కడి ఆరాధన రోమన్ కాథలిక్ పద్ధతిలో ఉందంటూ బహిరంగంగా ధ్వజమెత్తారు. ఇవాళ చదివితే చిన్న విషయంలా ఉంటుంది. ఆనాటికి కాదు. 1874లో ఆరాధన పద్ధతుల్ని అదుపు చెయ్యడానికి పార్లమెంటు చట్టమే చేసింది. దాని కింద 1877లో దక్షిణ లండన్ హ్యాచమ్ వికార్ (పారిష్ గురువు) ఆర్థర్ టూత్ జైలుకి వెళ్ళాడు. అలాంటి వాతావరణంలో ఛాన్సెల్‌ని అంత ఎత్తులో పెట్టడమంటే ఏ పక్షమో తేల్చి చెప్పడమే. గోడలు ఇంటి మాదిరిగా ఉన్నా లోపలి ప్లాన్ ఏమాత్రం మొహమాటపడదు. ప్లాన్‌లో ధైర్యం, బయటి రూపంలో స్నేహం. ఈ కలయికే సంఘాన్ని నిలబెట్టిందని నేను అనుకుంటాను.

ఎందుకంటే ఆ శివారు జనం అంతా చర్చి జనం కాదు. కళాకారులు, రచయితలు, స్వేచ్ఛాలోచనపరులు, రాజకీయ శరణార్థులు చేరిన చోటు అది. ఐరిష్ కవి డబ్ల్యూ. బి. యేట్స్ కుటుంబం అక్కడ రెండుసార్లు కాపురముంది. రష్యన్ విప్లవకారుడు స్టెప్‌నియాక్ ఆ ప్రాంతంలోనే ఉండి, 1895లో అక్కడి రైలు పట్టాలు దాటుతూ చనిపోయాడు. కమీల్ పిస్సారో 1897లో కొడుకు ఇంటికి వచ్చి బాత్ రోడ్డును బొమ్మ గీశాడు. ఇలాంటి ఊళ్ళో "అందరూ మా మందే" అనుకుని కూర్చుంటే చర్చి ఖాళీ అవుతుంది. చర్చికి ఎదురుగా షా గీసిన టాబర్డ్ ఇన్, దాన్ని ఆనుకుని సరుకుల స్టోర్స్ 1880లోనే తెరిచారు. అంతకు ఏడాది ముందే క్లబ్బు వచ్చింది, తరవాత ఆర్ట్ స్కూలు. చర్చి, సత్రం, అంగడి ఒకే కూడలిలో ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటాయి. ప్రార్థనకు రానివాడు కూడా రొట్టెకోసమో బీరుకోసమో చర్చి వాకిలి ముందు నుంచే పోవాలి.

1887: ఐల్‌తో పాటు హాలు

నేను ఈ కేసులో ఎక్కువసేపు ఆగే చోటు ఇది. చర్చి పూర్తయిన ఏడేళ్ళకు, ఆ ఎస్టేట్‌లోనే ఎన్నో కట్టడాలు గీసిన మారిస్ బి. ఆడమ్స్ ఉత్తరం పక్క ఐల్‌నీ (నేవ్‌కి పక్కగా సాగే భాగం), పారిష్ హాలునీ చేర్చాడు. అంతకు ఏడాది ముందు, 1886లో, కార్ కంపెనీ దివాలా తీసింది. ఎస్టేట్ కట్టినవాడు చేతులెత్తేశాక కూడా సంఘం తన కట్టడాన్ని పెంచుకుంది. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న టెన్షన్ ఉండే ఉంటుంది, అయినా ఆగలేదు.

విక్టోరియన్ పారిష్ అంటే ఆదివారం ఆరాధన ఒక్కటే కాదు. సండే స్కూల్, గాయక బృందం సాధన, తల్లుల సమావేశం, మద్యం మానిపించే సంఘాలు, లాంతరు బొమ్మల ఉపన్యాసాలు, పేదల కోసం బట్టల సేకరణ, అమ్మకాల సంత. వీటికి వెచ్చగా, బెంచీలు లేకుండా, టీ కాచుకోవడానికి వీలున్న గది కావాలి. ఆ గది లేని చోట ఏం జరిగిందో ఇంగ్లండ్ అంతటా కనిపిస్తుంది. గత యాభై, అరవై ఏళ్ళలో ఎన్నో విక్టోరియన్ చర్చిల్లో బెంచీలు పీకేశారు, పడమటి చివరను అద్దాలతో కోసి వంటగది, టాయిలెట్ పెట్టారు, ఐల్‌ని రెండంతస్తులు చేశారు. కొన్ని బాగా కుదిరాయి. చాలావాటిలో నేవ్ నిడివి సగానికి కుదించుకుపోయి, గీసిన మనిషి ఉద్దేశం చెదిరిపోయింది.

సెయింట్ మైకేల్‌లో ఆ ఒత్తిడి పెద్దగా పడలేదని నా అభిప్రాయం. రోజువారీ సందడిని పక్కనున్న హాలు భుజాన వేసుకుంది. నేవ్ ఆరాధనకీ కచేరీలకీ మిగిలింది. అందుకే షా ఇచ్చిన లోపలి రూపం ఇప్పటికీ చదవగలిగేలా ఉంది. ఒక కట్టడాన్ని కాపాడాలంటే దాని పక్కన ఇంకో మామూలు కట్టడం కట్టడమే మంచి మందు కావచ్చు. 1909లో ఆడమ్సే ఆల్ సోల్స్ చాపెల్ కూడా కట్టాడు. వారం మధ్యలో పదిమందితో జరిగే ప్రార్థనకు పెద్ద నేవ్ అంతా వేడి చెయ్యనక్కర్లేని చిన్న గది అది. ఇంధనం బిల్లు చూసిన ఏ కమిటీకైనా ఆ విలువ తెలుస్తుంది.

హాలు చేర్చడంలో వచ్చే ఇబ్బందులు కూడా చెప్పాలి. కొత్త కప్పు పాత గోడను తాకే ప్రతి గీతా నీళ్ళు చొరబడే గీతే. రెండు వాలు కప్పుల మధ్య గట్టర్‌లో ఆకులు నిండితే నీళ్ళు లోపలికే దిగుతాయి, పైగా చెట్లు కొట్టని శివారులో ఆకులకు కొదవ లేదు. ఇలాంటి చర్చిని పరిశీలించేటప్పుడు నేను నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఆ కలిసే గీతలకే కేటాయిస్తాను. శరదృతువు చివర ఒకసారి, వసంతంలో ఒకసారి గట్టర్లు తీయించడం కంటే చవకైన పరిరక్షణ పని లేదు.

డబ్బు ఎవరిది, అనుమతి ఎవరిది

మన దగ్గర చాలామంది అడిగే ప్రశ్న: చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ అక్కడి రాజ్యమతం కదా, ప్రభుత్వమే చూసుకుంటుందా? చూసుకోదు. చర్చి మరమ్మతు ఆ పారిష్ బాధ్యత. 1921 చట్టం పారిష్ చర్చి కౌన్సిళ్ళకు అధికారాలు ఇచ్చింది. ఎన్నికైన సామాన్య సభ్యులు, వికార్, ఇద్దరు చర్చి వార్డెన్లు కలిసి లెక్కలు చూస్తారు. మన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో పాస్టరేట్ కమిటీ ఎలాంటిదో తెలిసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. సీఎస్ఐ 1947లో ఏర్పడినప్పుడు ఆంగ్లికన్ వారసత్వం కూడా అందులో కలిసింది కాబట్టి ఆ పోలిక ఊరికే వచ్చింది కాదు.

1955 చట్టం ఇంకో మంచి పని చేసింది. ప్రతి చర్చినీ అయిదేళ్ళకోసారి అర్హతగల ఆర్కిటెక్ట్ లేదా సర్వేయర్ తనిఖీ చేసి నివేదిక ఇవ్వాలి. ఏది వెంటనే చెయ్యాలి, ఏది ఏడాదిన్నరలో, ఏది అయిదేళ్ళలోపు అని పనులు విడదీసి రాస్తారు. నా వృత్తిలో నేను చూసిన పద్ధతుల్లో ఇంత సింపుల్‌గా, ఇంత బాగా పనిచేసేది మరొకటి లేదు. సికింద్రాబాద్‌లోనూ మచిలీపట్నంలోనూ ఉన్న పాత చర్చిలకు కూడా ఇలాంటి అయిదేళ్ళ పుస్తకం ఉంటే బాగుంటుందని గట్టిగా కోరుకుంటాను. సున్నపు గోడ మీద సిమెంటు పూత పూసి తేమను లోపల బంధించే పని సగం అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే ముందు తనిఖీలో ఏం రాశారో తరవాతి కమిటీ చదవక తప్పదు.

అనుమతుల సంగతి. సెయింట్ మైకేల్ గ్రేడ్ 2 స్టార్ (మూడు స్థాయుల్లో రెండోది) రక్షిత కట్టడం. మామూలు రక్షిత ఇంటి లోపల మార్పులకు స్థానిక కౌన్సిల్ దగ్గరికి వెళ్ళాలి. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కి మాత్రం సొంత ఏర్పాటు ఉంది. డయసిస్ (బిషప్ పరిధిలోని ప్రాంతం) ఛాన్సలర్ అనే న్యాయాధికారి ఇచ్చే ఫాకల్టీ, అంటే అనుమతి పత్రం, కావాలి. ముందుగా డయసిస్ సలహా కమిటీ చూస్తుంది. కొన్ని చిన్నాచితకా పనులు మినహా మార్పులకు ఇదే దారి. నిదానం అనిపిస్తుంది, కానీ ఉత్సాహం ఎక్కువైన ఏ వికార్ అయినా ఆకుపచ్చ చెక్కకు ఒక శనివారం తెల్లరంగు వేయించకుండా కాపాడేది ఆ నిదానమే.

1960లు: ఎస్టేట్‌ని నిలబెట్టడంలో స్థానికులూ చర్చి సంఘమూ

రెండో ప్రపంచయుద్ధం తరవాత విక్టోరియన్ అంటేనే చిన్నచూపు. బెడ్‌ఫర్డ్ పార్క్ ఇళ్ళు గదులుగా విడిపోయి అద్దెలకు పోయాయి, కొన్నిటిని కూల్చి ఫ్లాట్లు కట్టడం మొదలైంది. 1963లో స్థానికులు బెడ్‌ఫర్డ్ పార్క్ సొసైటీ పెట్టుకున్నారు. కవి జాన్ బెట్జమన్ దానికి అండగా నిలిచాడు. 1967లో 356 ఇళ్ళు ఒకేసారి రక్షిత జాబితాలోకి వచ్చాయి. ఒక శివారుకి మొత్తంగా ఇలాంటి గుర్తింపు రావడం అప్పటికి చాలా అరుదు.

అదే 1967లో చర్చి ఆధ్వర్యంలో బెడ్‌ఫర్డ్ పార్క్ ఫెస్టివల్ మొదలైంది. జూన్ నెలలో జరుగుతుంది. ఎదురుగా ఉన్న ఆక్టన్ గ్రీన్ మైదానంలో సంత, చర్చిలో కచేరీలు, బొమ్మల ప్రదర్శనలు, నడకలు. వచ్చిన డబ్బు చర్చికీ సేవాసంస్థలకీ వెళ్తుంది. 2009లో చిజిక్ బుక్ ఫెస్టివల్ కూడా ఈ సంఘం చేతుల మీదుగానే మొదలైంది. పుస్తకం కోసం వచ్చినవాడు హాల్లో కూర్చుంటాడు, తలెత్తి చూస్తే పక్కన షా చర్చి. 2022లో యేట్స్ జ్ఞాపకంగా కాన్రాడ్ షాక్రాస్ చేసిన శిల్పాన్ని చర్చి బయటే నిలబెట్టారు. ఆ కవి ఈ చర్చి సంఘానికి చెందినవాడు కాదు. అయినా ఊరి జ్ఞాపకాన్ని పెట్టుకోవడానికి అందరికీ తట్టిన చోటు చర్చి వాకిలే.

పండగలతో చర్చి బతుకుతుందా అని కొందరు సంఘస్థులే అనుమానపడతారు. ఆరాధనకు వచ్చేవాళ్ళు తగ్గి, కచేరీకి వచ్చేవాళ్ళు పెరిగితే అది చర్చా, ఆడిటోరియమా అని. ఆ అనుమానాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కట్టడం వైపు నుంచి చూస్తే మాత్రం ఒక తేడా స్పష్టంగా ఉంది. ఇక్కడ పండగ ఆరాధన చోటును ఆక్రమించలేదు. మైదానం, హాలు, వీధి దానికి సరిపడా చోటిచ్చాయి. నేవ్‌లోకి వచ్చినప్పుడు అతిథిలా వచ్చి వెళ్ళింది.

ఇప్పుడు బల్ల మీద ఉన్న పని

2020లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ జనరల్ సినాడ్ (దాని చట్టసభ) 2030 నాటికి కర్బన ఉద్గారాలను నికర సున్నాకి తేవాలని తీర్మానించింది. పాత చర్చిలన్నిటికీ ఇప్పుడు ఇదే పెద్ద లెక్క. కిల్‌బర్న్ లాంటి ఎత్తైన కప్పు కింద వేడిగాలి అంతా పైకి పోతుంది, అక్కడ మనుషుల దగ్గరే వేడి పుట్టించే ఏర్పాట్లు వెతకాలి. షా చర్చిలో కప్పు చెక్కది కాబట్టి పెంకులు తిరగేసి వేసే రోజున పైనుంచి ఇన్సులేషన్ పరిచే అవకాశాన్ని పరిశీలించవచ్చు. కానీ కింద వెచ్చగా, పైన గాలి ఆడకుండా చేస్తే తేమ చెక్కలో చిక్కుకుంటుంది. ఎన్ని అంగుళాలు పరవాలి, గాలికి ఎక్కడ దారి వదలాలి, పెంకు కప్పు ఎత్తు పెరిగితే చెక్క రెయిలింగు పక్కన సీసం రేకు ఎలా మడవాలి, ఇవన్నీ కొలిచి తేల్చాలి. చలికాలం ఒకటి, వానాకాలం ఒకటి గడిచేదాకా కప్పు లోపల తేమ మీటర్లు పెట్టి చూడాలి. ఛాన్సెల్ మెట్ల దగ్గర చక్రాల కుర్చీ సమస్య వేరే ఉంది. షా ఉద్దేశమంతా ఆ ఎత్తులోనే ఉంది కాబట్టి శాశ్వతమైన ర్యాంపు పెట్టమని నేను చెప్పను. దివ్యభోజనం (రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారం) నేవ్ స్థాయికి దించి అందించే పద్ధతి ముందు చూడాలి. హాలు, చర్చి, చాపెల్ మూడింటికీ వేరువేరుగా వేడి నడిచేలా పైపులు విడగొట్టడం మాత్రం వెంటనే మొదలుపెట్టదగ్గ పని. 1887లో, 1909లో గదులు వేరుగా కట్టినవాళ్ళు సగం పని అప్పుడే చేసిపెట్టారు.